పది కిలోల నడక

అరుణ మా తోడల్లుడి పెద్ద కూతురు. సూర్యాపేటలో బస్టాండు వెనక చిన్న దుకాణంలో కూర్చుని బడిపిల్లల సంచులకు జిప్పులు మారుస్తుంది, తెగిన పట్టీలు కుడుతుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి నడుం వాల్చానో లేదో, మిర్యాలగూడలో మా ఇంటికి వచ్చి సంచి ఒకటి నా మంచం మీద పెట్టింది.

"పెద్దనాయినా, జర లేపి సూడు."

లేపాను. ఉతికి ఆరేసిన చొక్కా లేపినట్టుంది.

"ఎంతుంటదో చెప్పు."

ఆమే చెప్పింది. "ఏడు వందల గ్రాములు. కొండలెక్కెటోళ్ళు ఏసుకునే సంచి. నేనే కత్తిరించిన, నేనే కుట్టిన. ఇంక కొంచెం పనుంది."

సంగతి ఏమిటంటే, హైదరాబాద్‌లో సుధీర్ అని ఒకాయన ఉన్నాడు. జనాన్ని అడవులకూ కొండలకూ నడిపించి తీసుకుపోవడం ఆయన పని. ఒకసారి దారిలో సంచి జిప్పు పోయి అరుణ దుకాణం దగ్గర ఆగాడు. ఆమె చేతి పని చూసి, తన సంచి విప్పి చూపించి, ఇలాంటిది తేలికగా కుట్టగలవా అని అడిగాడు. నచ్చితే నలభై సంచులు కుట్టమంటాడు. కానీ ముందు ఒక సంచిలో పది కిలోలు వేసి, ఒక మనిషి నలభై కిలోమీటర్లు నడవాలి. ఎలా ఉందో ఆ మనిషే తన నోటితో చెప్పాలి. శనివారం పొద్దున ఆయన విజయవాడ నుంచి వస్తూ కోదాడలో ఆగుతాడు. ఆ రోజు తేలకపోతే పని ఇంకొకరికి పోతుంది.

"నలభై సంచులంటే ఇగ జిప్పులు మార్సుడు ఖతం పెద్దనాయినా. ఇంకిద్దరు ఆడోళ్ళను పెట్టుకొని సొంతంగ కుడత."

"నీ మొగుడు నడవడా?" అని లోపలి నుంచి నా భార్య సుగుణమ్మ అడిగింది.

"ఆటో నడిపేటోడు కాలు కింద పెడతడా పెద్దమ్మా? రెండు కిలోమీటర్లు పోయిండు. ఎదురంగ దోస్తు ఆటో వస్తే ఎక్కి ఇంటికొచ్చిండు."

సుగుణమ్మ నవ్వింది. తర్వాత నా వైపు చూసి నవ్వు ఆపింది. "ఈనకు అరవై ఏడేండ్లు. ఇప్పుడు బడిపిల్లగాని లెక్క సంచి తగిలించుకొని తిరుగుతడా?"

"నలభై ఏండ్లు రైసు మిల్లుల బస్తాలు మోసిండు. బరువు సంగతి పెద్దనాయినకంటే ఎక్కువ తెలిసినోడు మన దాంట్ల ఎవడున్నడు?"

నేను సరే అనలేదు, కాదనలేదు. మా ఇంట్లో అది సరే అన్నట్టే.

సంచి బుధవారం సాయంత్రానికి గానీ పూర్తి కాలేదు. ఆ రోజే బస్సులో సూర్యాపేట వెళ్ళాను. సూర్యాపేట నుంచి కోదాడకు హైవే మీద నలభై అయిదు కిలోమీటర్లు. దారి పొడుగునా కిలోమీటరు రాళ్ళున్నాయి కాబట్టి వేరే లెక్క అక్కర్లేదు. రెండు రోజులు నడిస్తే శుక్రవారం కోదాడలో ఉంటాను. అక్కడ అరుణ చెల్లెలు భాగ్య ఇల్లుంది.

గురువారం తెల్లవారగానే అయిదు కిలోల బియ్యం సంచులు రెండు లోపల పెట్టి, అరుణ దాన్ని నా వీపుకు తగిలించింది. పట్టీలు గుంజి సరిచేసింది.

"ఏడ నొస్తదో యాది పెట్టుకో. ఏడ కుట్టు ఊడుతదో సూడు. సుధీర్ సారు నన్ను అడగడు, నిన్నే అడుగుతడు. జర నోరు తెరువు ఆయన ముందట."

తల ఊపాను.

పది కిలోలు నాకు ఒక బరువా అనుకుంటూ బయలుదేరాను. మిల్లులో డెబ్బై అయిదు కిలోల బస్తా మోసిన వీపు ఇది. దురాజ్‌పల్లి దాకా బాగానే ఉంది. తర్వాత ఎండ ఎక్కింది. లారీలు పక్క నుంచి పోతుంటే గాలికి ఒంట్లో సత్తువ కూడా వాటి వెంట పోతున్నట్టు అనిపించింది. వయసు బరువును పది కిలోలకు కలపడం మరిచిపోయాను.

ఎక్కడా సంచి దింపలేదు. హమాలీకి అది అలవాటు. బస్తా వీపు మీద పడిందంటే దింపే చోటనే దింపాలి. నడుమ దించితే మళ్ళీ ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. కూర్చోవాలనిపించినప్పుడు చెట్టుకు భుజం ఆనించి నిలబడేవాణ్ణి. అంతే.

దారి పక్కన సీతాఫలాల గంప ముందు పెట్టుకుని ఒక తండా ఆమె కూర్చుని ఉంది. నేను నీళ్ళు తాగడానికి ఆగితే నన్ను పైకీ కిందకీ చూసింది.

"ఏం ముసలాయనా, ఆ సంచిల బంగారం పెట్టినవా?"

"బియ్యం" అన్నాను.

"బియ్యానికే అంత భయమా? ఎవడన్న గుంజుకపోతడని రెండు సేతులు ఎనకకు పెట్టి పట్టుకున్నవ్?"

పక్కనున్న ఇంకో ఆమె, "జమ్లీ, ఆయనతోని నీకెందుకే" అని నవ్వింది. జమ్లీ ఒక కాయ పగలగొట్టి నాకిచ్చింది. "తిను. ఇది గూడ ఎవడు గుంజుకపోడు."

నేను తిన్నాను. ఆమె మాట ఎగతాళి అనుకున్నాను. మళ్ళీ నడక పట్టాను.

సాయంత్రానికి మునగాల చేరి, తెలిసిన పాస్టరు గారి వరండాలో పడుకున్నాను. మరునాడు పొద్దున లేచేసరికి మోకాళ్ళు నావి కావు. అయినా లేచి నడిచాను. మధ్యాహ్నం దాటాక కోదాడలో భాగ్య ఇంటి గడప దగ్గర సంచి దింపాను. అరుణ అప్పటికే బస్సులో వచ్చి నా కోసం బజారు వైపు చూస్తూ నిలబడి ఉంది.

నన్ను కూర్చోబెట్టక ముందే సంచిని కూర్చోబెట్టింది. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో కుట్టు మీద వేలు పెట్టి చూసింది. జిప్పు లాగింది. పట్టీ మూలలు రెండు చేతులా గుంజింది. ఒక్క దారం లేవలేదు.

"ఏదీ, భుజం చూపించండి పెదనాన్నా" అంటూ భాగ్య బామ్ డబ్బా తెచ్చింది. ఆమె కోదాడ వచ్చి పన్నెండేళ్ళయింది. మాట మారిపోయింది. "చొక్కా తీయండి, రాస్తాను. ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పండి."

చొక్కా తీశాను. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ నా భుజాల మీదికి వంగి చూశారు.

"గీత గూడ పడలే!" అంది అరుణ. "సూడవే భాగ్యా, నలభై అయిదు కిలోమీటర్లు మోస్తే తోలు ఎర్రగ గూడ కాలే. నా పట్టీ ఎంత మెత్తగున్నదో సూడు!"

"నువ్వేనా అక్కా కుట్టింది? కొనుక్కొచ్చావేమో!"

"నోర్ముయ్యే."

వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. "ఓ ఆటో దొరా, మా పెద్దనాయిన నడిసిండు. పట్టీ తెగలే, భుజం నొయ్యలే. రేపు సారుకిచ్చి వస్త. నువ్వు పొయ్యి ఆ ఇద్దరాడోళ్ళకు చెప్పు, సోమవారం సంది రమ్మను" అంది.

భాగ్య నాకు అన్నం పెట్టింది. కలుపుదామంటే వేళ్ళు ముడుచుకోలేదు. రెండు చేతుల వేళ్ళూ వాచి ఉన్నాయి. నడిమి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం రేగి ఉంది. భుజాలకు నొప్పి లేదు. వీపుకు లేదు. చేతులకు ఉంది.

అప్పుడు జమ్లీ అన్నది ఎగతాళి కాదని తెలిసింది.

బస్తా వీపు మీద పడగానే హమాలీ చేతులు వెనక్కి పోయి దాని కింది మూలలు పట్టుకుంటాయి. పట్టుకోకపోతే బస్తా జారుతుంది, నడుం పోతుంది. ఇది ఎవరూ నేర్పరు, ఎవరూ మాన్పలేరు. నాకు తెలియకుండానే నా చేతులు రెండు రోజులు ఆ సంచిని కింది నుంచి ఎత్తి పట్టుకున్నాయి. పట్టీల మీద బరువే పడలేదు. సంచిని నేను పరీక్ష చేయలేదు. కాపాడుకుంటూ తెచ్చాను.

అరుణ ఎదురుగా కూర్చుని భాగ్యతో ఏ రంగు బట్ట తెప్పించాలో మాట్లాడుతోంది. నీలమైతే మురికి కనబడదంటోంది. నేను ఏమీ అనకపోతే చాలు. మాట్లాడకపోవడం నాకు కొత్త పని కాదు. చెప్తే మళ్ళీ నడవాలి. కాళ్ళు వద్దంటున్నాయి. చెప్పకపోతే, ఎవరో తెలియని మనిషి ఎక్కడో కొండ అంచున చేతులు ముందుకు పెట్టి నడుస్తాడు. ఆయన హమాలీ కాదు.

చెయ్యి కడుక్కుని వచ్చాను.

"అరుణా."

"ఏంది పెద్దనాయినా?"

"చేతులతో మోశాను."

ఆమెకు అర్థం కాలేదు. సంచి తగిలించుకుని, గదిలో నాలుగడుగులు వేశాను. చూపిద్దామని వేయలేదు. మామూలుగానే వేశాను. చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

భాగ్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అరుణ చాలాసేపు నా వేళ్ళ వైపు చూసింది.

"రెండు దినాలు గిట్లనే నడిసినవా?"

"ఊఁ."

"గీ మాట ఇప్పుడు చెప్తున్నవా?"

"ఇప్పుడే తెలిసింది."

ఆమె మళ్ళీ మొగుడికి ఫోన్ చేయలేదు. గోడ మీద గడియారం చూసింది. మూడు దాటింది. నా మెడలోని తువ్వాలు తీసి, రెండు కొసలూ నా రెండు చేతుల్లో పెట్టి, ఛాతీ ముందు పట్టుకోమంది. "నడువు. నేను ఎనక వస్త."

హుజూర్‌నగర్ రోడ్డు పట్టాం. నాలుగడుగులకొకసారి కొస వదిలి చెయ్యి వెనక్కి పోయేది.

"సేతులు!" అని వెనక నుంచి అరుణ అరిచేది.

మళ్ళీ ముందుకు తెచ్చుకునేవాణ్ణి. కిలోమీటరు పోయేసరికి పది కిలోలంటే ఏమిటో భుజాలకు తెలిసింది. పట్టీ మెడ పక్కన కోస్తోంది. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న ఒకాయన దిగి, "ఏమ్మా, పెద్దాయన్ని దొంగోడి లెక్క తోలుకొస్తున్నావ్, ఏం చేశాడు?" అని అడిగాడు. జవాబుగా అరుణ "సేతులు!" అని నా మీద అరిచింది.

ఏడో కిలోమీటరు దగ్గర కుడి భుజం మీద చిన్న చప్పుడయింది. సంచి ఒక పక్కకు ఒరిగింది. నేను ఆగాను. అరుణ వచ్చి చూసింది.

దారం తెగలేదు. గుడ్డే చిరిగింది. పట్టీ సంచికి అతికే చోట, సూది దిగిన బెజ్జాల వెంట గీసినట్టు చిరిగింది. తూకం తగ్గుతుందని అక్కడ ఒక్క పొరే వేసింది. పారాచూట్ గుడ్డ ఒక్క పొర. అంత సన్నటి గుడ్డ మీద అంత దగ్గర కుట్లు వేస్తే అది కుట్టినట్టు కాదు, చింపడానికి గుర్తు పెట్టినట్టు.

అరుణ రోడ్డు పక్కన కూలబడింది. నేను సంచి దింపి ఆమె పక్కన కూర్చున్నాను. నిన్న చేతులు ముందు పెట్టుకుని నడిచి ఉంటే ఈ పట్టీ దురాజ్‌పల్లి దాటగానే చిరిగేది. ఆటో ఎక్కి దుకాణానికి పోయేవాణ్ణి. ఆమె తన మిషన్ మీద సరిచేసేది. ఇంకో రోజు మిగిలేది. ఆ రోజును నా చేతులు తిన్నాయి. ఈ మాట ఆమెకు చెప్పాలనుకున్నాను. ఆమెకు తెలియదా అని ఊరుకున్నాను.

ఆటోలో వెనక్కి వచ్చాం. భాగ్య పక్కింట్లో జాకెట్లు కుట్టే మిషన్ ఉంటే అడిగి, అరుణ రెండు పట్టీల కిందా లోపల గట్టి గుడ్డ ఇంకో పొర వేసి కుట్టింది. శనివారం పొద్దున చూస్తే సంచికి ఏమీ కానట్టే ఉంది.

బైపాస్ మీద ఒక హోటల్ దగ్గర సుధీర్ కారు ఆపాడు. నలభై లోపు మనిషి, నెమ్మదస్తుడు. ముందు నాకు నమస్కారం పెట్టి, టీ చెప్పి, తర్వాత సంచి అందుకున్నాడు. వేలితో లేపి చూసి నవ్వాడు.

"తేలిగ్గా ఉందమ్మా. చాలా బాగా కుట్టారు." నా వైపు తిరిగాడు. "మీరేనా అండీ నడిచింది?"

తల ఊపాను.

"సూర్యాపేట నుంచి? ఈ వయసులో? అబ్బో. మరి ఎలా ఉంది?"

ముందు రాత్రంతా నేను అనుకున్నది ఒకటే. పని పోతే నా చేతుల వల్ల పోతుంది. నేనే నిలబెట్టాలి. లోపల ఇంకో పొర పడింది కదా, ఆగుతుందేమో.

"బాగుంది" అన్నాను.

"ఎక్కడా ఇబ్బంది కాలేదా?"

"కాలేదు."

"లేదు సార్" అంది అరుణ.

సుధీర్ ఆమె వైపు చూశాడు. ఆమె నా వైపు చూడలేదు.

"ఆయన హమాలీ సార్. ఎనకకు సేతులు పెట్టి మోసిండు. ఆయనకు తెల్వకుంటనే అట్ల అయింది. నిన్న సేతులు ముందటికి పెట్టి నడిస్తే ఏడు కిలోమీటర్లకే పట్టీ కాడ గుడ్డ చినిగింది. రాత్రి లోపల ఇంకో పొర ఏసిన. గీడ సూడుండ్రి."

సుధీర్ సంచి లోపలికి చెయ్యి పెట్టి ఆ పొర తడిమాడు.

"దీంతో ఎవరైనా నడిచారా?"

"లేదు సార్. సోమవారం దాక ఆగుతరా?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. జవాబు ముఖంలోనే కనబడింది. "ఇవాళే చెప్పాలమ్మా. మావాళ్ళ ప్రయాణాలు దగ్గరికొచ్చాయి. విజయవాడలో ఒకరు చూపించారు. కిలోంబావు ఉంది గానీ నడిచి చూసిన సంచి. వాళ్ళకే చెప్పేస్తాను." సంచి తిప్పి చూస్తూ అన్నాడు. "మీరు చెప్పకపోతే నేను తీసుకునేవాణ్ణి."

"తెలుసు సార్."

"వచ్చే ఏడు మళ్ళీ కావాలి. అప్పటికి నడిపించి పెట్టండి."

సంచి మా బల్ల మీదే పెట్టి, టీ పూర్తి చేసి, మళ్ళీ నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. కసురుకున్నా బాగుండేది.

హోటల్ కుర్రాడు గ్లాసులు తీసుకుపోయాడు. అప్పుడు అరుణ అడిగింది.

"నువ్వెందుకు బాగుందన్నవ్?"

నేను బల్ల వైపు చూశాను.

"నిన్న నువ్వే నోరు తెరిసి చెప్తివి. ఎన్నడు మాట్లాడనోడివి మాట్లాడితివి. నేనెంత సంబరపడ్డనో నీకు తెల్వదు. ఇయ్యాల నన్ను జూసి అబద్ధమాడినవ్. అది తెగి ఎవడన్న లోయల పడితే నా సంచే పెద్దనాయినా. నీది గాదు."

"తప్పు నాది."

"నీదే" అంది. తర్వాత సంచి దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "నాది గూడ. ఇన్ని దినాలు కుట్టిన, ఇప్పిన, మళ్ళ కుట్టిన. ఒక్కసారి గూడ వీపున ఏసుకోలే. నా మొగడు మొయ్యాలె, నువ్వు మొయ్యాలె. నాకేమైంది?"

విడిగా తెచ్చిన బియ్యం సంచులు రెండూ బల్ల కిందే ఉన్నాయి. వాటిని లోపల పెట్టింది. లేచి తగిలించుకుంది. పట్టీ చీరె కొంగు మీద పడితే, తీసి కొంగు నడుముకు చెక్కుకుంది. భాగ్యకు ఫోన్ చేసి తిరిగి ఇంటికి రావడం లేదని చెప్పింది. సూర్యాపేట వైపు మొహం తిప్పి నడవడం మొదలుపెట్టింది.

"ఎవరి కోసం ఇప్పుడు?" అన్నాను.

"పట్టీ ఆగుతదో లేదో తెల్వద్దా?"

నేను వెనక నడిచాను. నా జన్మలో బరువు ముందు పోతుంటే ఉత్త చేతులతో వెనక నడవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు కాళ్ళూ రెండు కర్రల్లా ఉన్నాయి. నా చూపు మాత్రం కుడి పట్టీ కుట్టు మీదే ఉంది.

ఆమె నడుస్తూ, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"మెడ కాడ గుంజుతున్నది పెద్దనాయినా. పట్టీ ఇంక బయటికి కుట్టాలె."

"ఊఁ."

"కింది బియ్యం నడుముకు తాకుతున్నయ్. గాడ స్పాంజి లేదు."

"ఊఁ."

"నువ్వు గియ్యన్ని ఎందుకు చెప్పలే?"

నాకు తెలియలేదని చెప్పాను. అది నిజమే.

రెండు కిలోమీటర్లు దాటాం. ఆమె జాకెట్టు వీపు చెమటకు తడిసి సంచికి అతుక్కుంది. అడుగు చిన్నదయింది. పట్టీ దగ్గర గుడ్డ కొంచెం సాగినట్టు కనిపించింది. నా కంటికే అలా ఉందేమో అనుకుని దగ్గరికి పోయి చూశాను. సాగింది. చిరగలేదు.

వెనక నుంచి సూర్యాపేట బస్సు వచ్చింది. నేను చెయ్యి ఎత్తాను. డ్రైవరు నెమ్మది చేశాడు.

"ఆపకు" అంది అరుణ. "ఇంకో రాయి దాక సూద్దాం."

ఆమె డ్రైవరు వైపు చెయ్యి ఊపింది, పొమ్మని. అతను మా ఇద్దరినీ చూసి ఏదో అన్నాడు. వినబడలేదు. బస్సు పోయింది. దుమ్ము తగ్గాక ముందుకు చూశాను. రాయి ఇంకా కనబడలేదు.